పచ్చి రసాల్లో విటమిన్లు ఎక్కువైతే ఆరోగ్యమూ ఎక్కువవుతుందా?

ప్రశ్న: మాది రాజమహేంద్రవరం. నాకు 51 సంవత్సరాలు, మావారికి 57. ఏడు నెలలుగా మేమిద్దరం రోజూ పరగడుపున ఆరు ఉసిరికాయల రసం, పావుకిలో క్యారెట్ల రసం, పచ్చి పాలకూర రసం తాగుతున్నాము. మధ్యాహ్నం మజ్జిగలో రెండు చెంచాల మునగాకు పొడి కలుపుకుంటున్నాము. మాత్రల్లోని విటమిన్లు రసాయనాలనీ, ప్రకృతి ఇచ్చిన ఆహారంలోని విటమిన్లు ఎంత తీసుకున్నా హాని చేయవనీ, ఎంత ఎక్కువైతే అంత మంచిదనీ మాకు చెప్పారు. ఆ మాట మీద మావారు డాక్టరుగారు రాసిన బి12 మాత్రలు మానేశారు. మేము శాకాహారులం. ఈ మధ్య నా అరచేతులు పచ్చబడ్డాయి. మావారికి అరికాళ్లలో తిమ్మిర్లు వస్తున్నాయి. సహజమైన, శుద్ధి చేయని ఆహారం నుంచి అదనంగా విటమిన్లు తీసుకుంటే ఆరోగ్యం నిజంగా మెరుగవుతుందా? దయచేసి వివరంగా చెప్పండి.

జవాబు: అమ్మా, మీ అసలు ప్రశ్నకు వచ్చేముందు మీవారి తిమ్మిర్ల సంగతి చెప్పాలి. అది వాయిదా వేయదగినది కాదు. రేపే రక్తంలో బి12 ఎంత ఉందో, చక్కెర ఎంత ఉందో పరీక్ష చేయించండి. డాక్టరుగారిని కలిసి మానేసిన మాత్రలను మళ్లీ మొదలుపెట్టించండి. మధుమేహానికి మెట్‌ఫార్మిన్ వాడుతున్నట్లయితే ఆ మాట కూడా తప్పక చెప్పండి, ఎందుకంటే చాలాకాలం వాడినవారిలో ఆ మందు పేగులు బి12ను పీల్చుకోవడాన్ని తగ్గించవచ్చు. బి12ను తయారుచేసేవి సూక్ష్మజీవులు మాత్రమే. అది మాంసం, చేపలు, గుడ్లు, పాలు, పెరుగు ద్వారా మనకు అందుతుంది. ఏ ఆకులోనూ, ఏ కాయలోనూ, ఏ గింజలోనూ నమ్ముకోదగినంత బి12 ఉండదు. మునగాకు పొడి రెండు చెంచాలు కాదు, ఇరవై చెంచాలు తిన్నా ఆ లోటు తీరదు. ఈ లోటు ముదిరితే నరాల పైపొర దెబ్బతింటుంది. మొదట్లోనే పట్టుకుంటే చాలావరకు కోలుకుంటారు. ఆలస్యమైతే తిమ్మిరి, నడకలో తూలు, మతిమరుపు కొంత శాశ్వతంగా మిగిలిపోవచ్చు.

ఇక మీ అరచేతులు. వెలుతురున్న చోట అద్దం ముందు నిలబడి కళ్లలోని తెల్లగుడ్డు చూసుకోండి. అరచేతులు, అరికాళ్లు, ముక్కుపక్కల మడతలు పచ్చబడినా తెల్లగుడ్డు తెల్లగానే ఉంటే అది కామెర్లు కాకపోవచ్చు. క్యారెట్‌కు రంగునిచ్చే కెరోటిన్ (బీటా కెరోటిన్) రక్తంలో ఎక్కువై, చర్మం మందంగా ఉన్నచోట పేరుకున్నప్పుడు ఇలాంటి రంగు వస్తుంది. రోజూ పావుకిలో క్యారెట్ల రసం ఏడు నెలలు తాగినవారికి ఇలా కావడంలో ఆశ్చర్యం లేదు. రసం మానేస్తే కొన్ని వారాల్లో రంగు దానంతటదే తగ్గిపోతుంది, హాని ఏమీ ఉండదు. తెల్లగుడ్డు కూడా పచ్చగా ఉన్నా, మూత్రం ముదురు రంగులో వస్తున్నా, ఆ రోజే కాలేయ పరీక్షకు వెళ్లండి.

మీకు చెప్పిన మాట పూర్తిగా గాలి మాట కాదు. అందులో ఒక నిజం ఉంది, ఆ నిజం మన నేలతోనే ముడిపడి ఉంది. ఉత్తర సర్కారులని అప్పట్లో పిలిచిన గోదావరి, కృష్ణా, విశాఖ ప్రాంతాల్లో బెరిబెరి అనే జబ్బు ఉండేది. కాళ్లు చచ్చుబడేవి, ఒళ్లు ఉబ్బేది, గుండె చెడి మనుషులు చనిపోయేవారు. మాల్కమ్‌సన్ అనే వైద్యుడు దీని గురించి రాసిన గ్రంథం 1835లోనే మద్రాసులో అచ్చయింది. కారణం మాత్రం అప్పటికి ఎవరికీ తెలియదు. 1890 ప్రాంతంలో జావాలో, నేటి జకార్తాలో, ఐక్‌మన్ అనే డచ్చి వైద్యుడి దగ్గరున్న కోళ్లకు కాళ్లు పడిపోయాయి. ఆసుపత్రి వంటశాలలో మిగిలిన తెల్లటి పాలిషు బియ్యపన్నం వాటికి పెడుతున్నారు. తరువాత వచ్చిన వంటవాడు సైనికుల కోసం వండిన అన్నం కోళ్లకు పెట్టేది లేదన్నాడు. వాటికి ముడి బియ్యం వేయడం మొదలుపెట్టారు, కోళ్లు లేచి తిరిగాయి. మరలో తవుడుతో పాటు పోతున్నది ఒక విటమిన్ అని లోకానికి తెలియడానికి ఆ పరిశీలనే దారి తీసింది. దాన్నే మనం ఇప్పుడు బి1 లేక థయమిన్ అంటున్నాము. ఐక్‌మన్‌కు 1929లో నోబెల్ బహుమతి వచ్చింది.

మన దగ్గర ఈ జబ్బు పరిశోధనకు 1918లో కూనూరులో మెక్‌కారిసన్ అనే వైద్యుడు ఒక చిన్న విభాగం ప్రారంభించారు. అదే పెరిగి పెద్దదై, 1958లో హైదరాబాదుకు వచ్చి, ఈనాడు తార్నాకలో ఉన్న జాతీయ పోషకాహార సంస్థ అయింది. మన పోషణ శాస్త్రం మన జిల్లాల జబ్బు దగ్గరే మొదలైందన్నమాట. వడ్లను ఉడికించి ఎండబెట్టి దంచిన ఉప్పుడు బియ్యం తినే ప్రాంతాల్లో ఆ జబ్బు అరుదు. మరలో తెల్లగా పట్టిన పచ్చి బియ్యం తినేచోట ఎక్కువ. ఈ తేడా గమనించినవారికి తవుడు విలువ తేటతెల్లమైంది. కాబట్టి, శుద్ధి పేరిట ఆహారం నుంచి తీసేసినదాన్ని తిరిగి ఆహారంలోకి తెచ్చుకుంటే ప్రాణాలు నిలుస్తాయన్నది రుజువైన మాట.

అయితే ఇక్కడొక విషయం నిదానంగా ఆలోచించాలి. బెరిబెరి రోగికి తవుడు ఇస్తే లేచి నిలబడ్డాడు. జబ్బు లేనివాడికి అదే తవుడు నాలుగింతలు పెడితే నాలుగింతల బలం వచ్చిందా? రాలేదు. విటమిన్ల పని అలాంటిది. శరీరంలో జరిగే రసాయన చర్యలకు అవి సాయం చేస్తాయి. ఆ సాయానికి రోజుకు కావలసింది, విటమిన్‌ను బట్టి, కొన్ని మైక్రోగ్రాముల నుంచి కొన్ని పదుల మిల్లీగ్రాముల వరకు ఉంటుంది. అవసరం తీరాక మిగిలినదాన్ని శరీరం బయటికి పంపుతుంది, లేదా దాచుకుంటుంది. దాచుకునే గుణమున్న విటమిన్ల విషయంలో ప్రమాదం ఎక్కువ.

మీ ఉసిరికాయల లెక్కే తీసుకుందాం. జాతీయ పోషకాహార సంస్థ పట్టికల ప్రకారం నూరు గ్రాముల ఉసిరిలో దాదాపు 250 మిల్లీగ్రాముల విటమిన్ సి ఉంటుంది. జామకాయలోనూ నూరు గ్రాములకు 200 మిల్లీగ్రాములు దాటుతుంది. పెద్దవారికి రోజుకు అవసరమైనది మగవారికి 80, ఆడవారికి 65 మిల్లీగ్రాములు. అంటే ఒక్క మంచి ఉసిరికాయ లేదా అరచేతిలో పట్టే జామకాయ ఒకటి తింటే ఆ రోజు పని అయిపోయినట్లే. 1996లో అమెరికా జాతీయ ఆరోగ్య సంస్థలో ఆరోగ్యవంతులైన యువకులకు విటమిన్ సిని మోతాదు పెంచుతూ ఇచ్చి చూశారు. ఒకసారికి 200 మిల్లీగ్రాముల దాకా పేగులు దాదాపు అంతా పీల్చుకున్నాయి. 500 దాటాక పీల్చుకోవడం తగ్గింది, పీల్చుకున్నదాంట్లోనూ చాలాభాగం మూత్రంలో పోయింది. మీరు ఆరు కాయల రసం తాగుతున్నారంటే ఒక కాయ మీకు, మిగిలినవి చాలావరకు మూత్రానికి. జలుబు సంగతి కూడా మీకు చెప్పే ఉంటారు. రోజూ విటమిన్ సి అదనంగా తీసుకున్న మామూలు జనంలో జలుబులు తగ్గలేదు, వచ్చిన జలుబు పెద్దవారిలో సుమారు 8 శాతం తొందరగా తగ్గింది. వారం రోజుల జలుబులో అది సుమారు అర రోజు. మారథాన్ పరుగువారు, విపరీతమైన చలిలో శ్రమించే సైనికుల వంటివారికి మాత్రం కొంత మేలు కనిపించింది.

"అవన్నీ మాత్రల మీద చేసిన పరీక్షలు కదా, ఆహారం వేరు" అని మీకు అనిపించవచ్చు. ఆ సందేహం న్యాయమైనదే, నేనూ దాన్ని తేలిగ్గా తీసుకోను. విటమిన్ సి విషయంలో ఉసిరిలోని అణువుకూ, మాత్రలోని అణువుకూ తేడా లేదు. రెండూ ఒకటే ఆస్కార్బిక్ ఆమ్లం, శరీరం వాటిని వేరుగా గుర్తుపట్టదు. విటమిన్ ఇ అలా కాదు. సహజంగా దొరికే రూపం కృత్రిమ రూపం కంటే శరీరానికి ఎక్కువగా పనికివస్తుంది. ఫోలిక్ ఆమ్లం దీనికి తలకిందులు. ఆకుకూరలోనిదాని కంటే మాత్రలోనిదే ఎక్కువగా ఒంటబడుతుంది. కాబట్టి సహజమైనది గొప్పదా, తయారుచేసినది గొప్పదా అని మొత్తానికి ఒకే తీర్పు చెప్పడం కుదరదు. ఒక్కొక్క విటమిన్‌ను విడిగా చూడవలసిందే.

మీ ప్రశ్నకు నేరుగా వెలుగునిచ్చేది క్యారెట్ కథ. మీ చేతులు పచ్చబడ్డాయి కాబట్టి దీన్ని కాస్త విపులంగా చెబుతాను. పసుపు, నారింజ రంగు కూరగాయలు, ఆకుకూరలు ఎక్కువగా తినేవారికి, రక్తంలో బీటా కెరోటిన్ ఎక్కువగా ఉన్నవారికి ఊపిరితిత్తుల క్యాన్సర్ తక్కువగా వస్తున్నదని ఎన్నో పరిశీలనల్లో తేలింది. అయితే మేలు చేస్తున్నది ఆ బీటా కెరోటినే అయి ఉంటుందని శాస్త్రజ్ఞులు అనుకున్నారు. ఫిన్లండ్‌లో పొగతాగే మగవారు 29,133 మందిని తీసుకుని, వారిలో కొందరికి రోజుకు 20 మిల్లీగ్రాముల చొప్పున బీటా కెరోటిన్ ఇచ్చి ఐదు నుంచి ఎనిమిది సంవత్సరాలు గమనించారు. 1994లో ఫలితం వచ్చింది. కెరోటిన్ తీసుకున్నవారిలో ఊపిరితిత్తుల క్యాన్సర్ తగ్గలేదు సరికదా, 18 శాతం ఎక్కువగా వచ్చింది. అమెరికాలో పొగతాగేవారు, ఆస్‌బెస్టాస్ దుమ్ములో పనిచేసినవారి మీద ఇలాంటిదే ఇంకో పరీక్ష నడుస్తుండగా, అక్కడా క్యాన్సర్ 28 శాతం పెరిగిందని తెలిసి 1996లో దాన్ని అర్ధాంతరంగా ఆపేశారు.

ఇది చదివి "చూశారా, మాత్రలే విషం, అదే క్యారెట్ తింటే బాగుండేది" అనేవారున్నారు. వారు ఒక మెట్టు దగ్గర ఆగిపోతున్నారు. కూరగాయలు తినేవారికి మేలు జరిగింది నిజం. ఆ మేలు కెరోటిన్ అనే ఒక్క వస్తువు వల్ల కాదని ఈ పరీక్షలు చెప్పాయి. మరి కెరోటిన్ కోసం పావుకిలో క్యారెట్లను పిండి, పిప్పి పారేసి, రసం తాగడంలో అర్థమేముంది? మేలు పొందినవారు రసం తాగినవారు కాదు, కూర వండుకుని అన్నంలో తిన్నవారు. మనకు మేలు చేసినదాంట్లో కొంత ఆ పిప్పిలోనే ఉండి ఉంటుంది, కొంత ఆ కూర ఉన్నందువల్ల కంచంలోకి రాకుండా పోయిన వేపుళ్లలో, స్వీట్లలో ఉండి ఉంటుంది. పళ్ల విషయంలోనూ ఇలాగే కనిపించింది. పళ్లను పళ్లుగా తినేవారిలో మధుమేహం తక్కువగా, రసాలు తాగేవారిలో ఎక్కువగా ఉన్నట్లు పెద్ద పరిశీలనలు చూపించాయి.

అందుకే శుద్ధి చేయని ఆహారం తినమని నేనూ చెబుతాను, కాని నేను చెప్పే కారణం వేరు. 2019లో కెవిన్ హాల్ అనే శాస్త్రజ్ఞుడు 20 మందిని ఆసుపత్రిలోనే ఉంచి, రెండు వారాలు ఫ్యాక్టరీలో తయారైన ఆహారం, రెండు వారాలు ఇంటివంట లాంటి ఆహారం ఎంత కావాలంటే అంత తినమని పెట్టారు. రెండింటిలోనూ వడ్డించిన కెలోరీలు, చక్కెర, కొవ్వు, ఉప్పు, పీచు సమానంగా ఉండేలా చూశారు. ఫ్యాక్టరీ ఆహారం తిన్న రోజుల్లో వారు రోజుకు దాదాపు 500 కెలోరీలు ఎక్కువగా తిన్నారు, బరువూ పెరిగారు. అక్కడ విటమిన్ల ప్రసక్తే లేదు. నమలవలసిన ఆహారం కడుపు నిండిన సంగతిని మనకు సమయానికి తెలియజేస్తుంది. మీరు తాగుతున్న రసాలు ఆ గుణాన్నే పోగొడుతున్నాయి.

అదనపు విటమిన్లు ఎవరికి మేలు చేస్తాయో కూడా తెలుసు. చైనాలోని లిన్‌షియన్ ప్రాంతంలో జనం తిండిలో ఎన్నో పోషకాలకు కొరత ఉండేది. అక్కడ దాదాపు 30,000 మందిపై జరిగిన పరీక్షలో బీటా కెరోటిన్, విటమిన్ ఇ, సెలీనియం అనే ఖనిజం కలిపి ఇచ్చినవారిలో మరణాలు 9 శాతం తగ్గినట్లు 1993లో ప్రకటించారు. ఫిన్లండ్‌లో కీడు చేసిన కెరోటిన్ ఉన్న మాత్రే అక్కడ మేలు చేసింది. లోటున్నచోట పూడ్చింది కాబట్టి ఫలించింది.

"సహజమైనది ఎంతైనా హాని లేదు" అన్న మాటను మాత్రం మనసులోంచి తీసేయండి. విటమిన్ ఎ జంతువుల కాలేయంలో సహజంగానే పేరుకుంటుంది. ధ్రువపు ఎలుగుబంటి కాలేయం తిన్న అన్వేషకులు తలనొప్పి, వాంతులు, చర్మం ఊడిపోవడంతో బాధపడ్డారు. క్యారెట్‌లోని కెరోటిన్ అలా చేయదు, ఎందుకంటే శరీరం తనకు అవసరమైనంతే దాన్ని విటమిన్ ఎగా మార్చుకుంటుంది. ఆ అదృష్టం మీకు కలిసివచ్చింది. పచ్చి పాలకూర రసం విషయంలో అంత ధైర్యం చెప్పలేను. పాలకూరలో, మూత్రపిండాల్లో రాళ్లు కట్టడానికి కారణమయ్యే ఆక్సలేట్ అనే పదార్థం చాలా ఎక్కువ. విటమిన్ సి అధికమైనప్పుడు అందులో కొంత శరీరంలో ఆక్సలేట్‌గానే మారుతుంది. పాలకూర, ఉసిరి రెండింటినీ రోజూ రసాలుగా పరగడుపున తాగడం మూత్రపిండాల్లో రాళ్లున్నవారికి, మూత్రపిండాల పని మందగించినవారికి ప్రమాదం. ఇంట్లో ఎవరికైనా రాళ్ల చరిత్ర ఉంటే ఈ పూటే మానేయండి. గుండె జబ్బుకు, రక్తం గడ్డకట్టకుండా ఇచ్చే వార్ఫరిన్ మందు వాడేవారైతే ఆకుకూరలను ఒక్కసారిగా పెంచకూడదు, తగ్గించకూడదు. వాటిలోని విటమిన్ కె మందు పనిని మారుస్తుంది.

మునగాకు మంచిదే. పొడిగా మజ్జిగలో కలుపుకోవడం కంటే పప్పులో వండుకోండి. కందిపప్పు ఉడికాక లేత మునగాకు వేసి రెండు పొంగులు రానిచ్చి, నూనెలో ఆవాలు, ఎండుమిర్చి, వెల్లుల్లి చిటపటలాడించి పోపు పెట్టినప్పుడు ఏమి జరుగుతుందో గమనించండి. నూనె పైన పచ్చని ఛాయ తేలుతుంది. ఆకులోని కెరోటిన్‌కు కొవ్వు తోడైతేనే పేగులు పీల్చుకుంటాయి, ఉడకడం వల్ల ఆకు కణాల గోడలు విచ్చుకుని అది బయటికి వస్తుంది. ఆ చెంచాడు పోపు నూనె చేసే పని మజ్జిగలో కలిపిన పొడి చేయలేదు. వేడికి విటమిన్ సి కొంత పోతుంది, నిజమే. అది భోజనంలో పిండుకునే నిమ్మచెక్కతో, ఒక జామకాయతో వచ్చేస్తుంది. పైగా నిమ్మరసం ఆకుకూరలోని ఇనుము ఒంటబట్టడానికి తోడ్పడుతుంది.

ప్రశ్న: మా కోడలికి రెండో నెల. ఇదివరకు ఒకసారి గర్భం పోయింది. డాక్టరు ఫోలిక్ యాసిడ్ మాత్రలు రాశారు. "రసాయనాలు బిడ్డకు మంచివి కావు, తోటకూర, గోంగూర తింటే అదే వస్తుంది" అని వద్దంటోంది. నేను ఏమి చెప్పాలి? - ఒక అత్తగారు, తెనాలి

జవాబు: అమ్మా, ఆకుకూరలు తప్పకుండా పెట్టండి. మాత్ర మాత్రం మానవద్దని కోడలిని దగ్గర కూర్చోబెట్టుకుని చెప్పండి. బిడ్డ వెన్నుపాము, మెదడు ఏర్పడే నాళం గర్భం నిలిచిన 28 రోజుల్లోపే మూసుకుంటుంది. ఫోలిక్ ఆమ్లం తక్కువైతే అది సరిగా మూసుకోక బిడ్డకు లోపం రావచ్చు. చాలామందికి గర్భమని తెలిసేసరికే ఆ గడువు దాటిపోతుంది. అందుకే బిడ్డను కోరుకునేవారు గర్భానికి ముందునుంచే రోజుకు 400 మైక్రోగ్రాముల ఫోలిక్ ఆమ్లం తీసుకోవాలంటారు. 1991లో బ్రిటన్ వైద్య పరిశోధన మండలి ఏడు దేశాల్లో చేయించిన పరీక్షలో, ఇదివరకు అలాంటి లోపమున్న బిడ్డను మోసిన తల్లులకు ఫోలిక్ ఆమ్లం ఇచ్చినప్పుడు ఆ లోపం మళ్లీ రావడం 72 శాతం తగ్గింది. ఇంత స్పష్టమైన మేలు పోషణ శాస్త్రంలో అరుదుగా కనిపిస్తుంది.

తోటకూరలో ఫోలేట్ ఉంది. వండేటప్పుడు కొంత నీళ్లలోకి పోతుంది, కొంత వేడికి చెడుతుంది, మిగిలినదాంట్లో దాదాపు సగమే పేగులు పీల్చుకుంటాయి. మాత్రలోనిది చాలావరకు ఒంటబడుతుంది. రోజూ అంత మొత్తం ఆకుకూర తినడం, అదీ వేవిళ్ల రోజుల్లో, ఏ గర్భిణికీ సాధ్యం కాదు. ఇదివరకు గర్భం పోయిందన్నారు కాబట్టి మోతాదు ఎంత ఉండాలో డాక్టరుగారే నిర్ణయించాలి. ఆనాడు ఏమి జరిగిందో వారికి దాచకుండా చెప్పండి.

ఈ మాత్ర వెనుక ఎవరున్నారో కూడా మీ కోడలికి తెలిస్తే మంచిది. 1930 ప్రాంతంలో లూసీ విల్స్ అనే వైద్యురాలు బొంబాయిలో పేద గర్భిణులకు వచ్చే తీవ్రమైన రక్తహీనతను పరిశోధిస్తూ, ఈస్ట్ సారంతో అది నయమవుతున్నదని కనుగొన్నారు. ఆ సారంలో ఉన్నదేమిటో తేలడానికి మరెన్నో ఏళ్లు పట్టింది. దాన్ని ప్రయోగశాలలో తయారుచేసి 1945లో లోకానికి ప్రకటించినది అమెరికాలోని లెడర్లీ సంస్థలో యల్లాప్రగడ సుబ్బారావుగారి నాయకత్వాన పనిచేసిన బృందం. 1895లో భీమవరంలో పుట్టిన మనిషి ఆయన. రసాయనమనే మాటకు మీ కోడలు భయపడుతున్నది కాని, ఆ రసాయనం వల్ల ఎంతమంది తల్లుల రక్తం నిలబడిందో, ఎందరు పిల్లలు నిటారుగా నడుస్తున్నారో తలచుకుంటే నాకు కళ్లు చెమరుస్తాయి.

మూడు నెలలు నిండాక ఇనుము, ఫోలిక్ ఆమ్లం కలిసిన మాత్రలు ప్రభుత్వ ఆరోగ్య కేంద్రంలో ఉచితంగానే ఇస్తారు. వాటిలో 60 మిల్లీగ్రాముల ఇనుము, 500 మైక్రోగ్రాముల ఫోలిక్ ఆమ్లం ఉంటాయి. మాత్ర వేసుకున్న గంట అటూ ఇటూ టీ, కాఫీ ఇవ్వకండి. మలం నల్లగా వస్తే కంగారుపడవద్దు, అది ఇనుము వల్లనే.

ప్రశ్న: ముడి బియ్యం మా అమ్మగారికి అరగడం లేదు. తెల్ల బియ్యం తింటే విటమిన్లు ఏమీ ఉండవంటున్నారు. రేషను బియ్యంలో ప్లాస్టిక్ గింజలు కలుస్తున్నాయని ఏరి పారేస్తున్నాము. ఏది తినాలి? - కరీంనగర్ నుంచి ఒక పాఠకుడు

జవాబు: అరగనిదాన్ని బలవంతంగా తినిపించకండి. ముడి బియ్యంలో విటమిన్లున్నా, పైపొరలోని ఫైటేట్ అనే పదార్థం ఇనుమును, జింకును కొంతవరకు పట్టి ఉంచుతుంది. అందుకని అది తెల్ల బియ్యం కంటే మంచిదే అయినా, మహత్తు ఏమీ లేదు. మీ అమ్మగారికి ఉప్పుడు బియ్యం వండి చూడండి. వడ్లను ఉడికించేటప్పుడు తవుడులోని థయమిన్ గింజ లోపలికి దిగుతుంది, తరువాత మరలో పట్టినా కొంత నిలుస్తుంది. అది కూడా ఒక విధమైన శుద్ధే. కొన్ని ధాన్యాలకు శుద్ధి వల్లే మేలు కలుగుతుంది. మొక్కజొన్నలో ఉన్న నియాసిన్ అనే విటమిన్ గింజను అలాగే తింటే మనకు అందదు. మెక్సికోలో వాళ్లు తరతరాలుగా సున్నపు నీటిలో ఉడికించి తింటారు కాబట్టి వారికి నియాసిన్ లోటు వల్ల వచ్చే పెల్లగ్రా జబ్బు రాలేదు. ఆ పద్ధతి తెలియక ఒక్క మొక్కజొన్న మీదే బతికిన దేశాల్లో వేలమంది ఆ జబ్బుతో చనిపోయారు. మన దక్కనులోనూ జొన్న తప్ప మరేమీ దొరకని పేదల్లో పెల్లగ్రా కనిపించింది. హైదరాబాదులో పోషణ శాస్త్రజ్ఞులు గోపాలన్‌గారు, ఆయన సహచరులు 1960 నుంచి దాని మీద పనిచేశారు. జొన్నరొట్టె మంచి ఆహారమే, దాని పక్కన పప్పూ, పెరుగూ ఉన్నంతకాలం.

తెల్ల బియ్యమే తిన్నా నష్టాన్ని తగ్గించుకునే దారులున్నాయి. నీళ్లు తేటపడేదాకా నాలుగైదుసార్లు పిసికి కడిగే అలవాటు మన ఇళ్లలో ఉంది. ఆ పాలలాంటి నీళ్లలో మిగిలిన కాస్త బి విటమిన్లు కూడా పోతాయి. రెండుసార్లు మెల్లగా కడిగితే చాలు. గంజి వార్చి పారబోయకండి. నీళ్లు సరిచూసి ఎసరు పెట్టండి, లేదా గంజిని చారులో వాడుకోండి. విటమిన్ల లోటు అన్నంతోనే తీరాలన్న పట్టుదల అక్కరలేదు, పక్కన ఉన్న పప్పు, వేరుశెనగ, ఆకుకూర, గుడ్డు తీరుస్తాయి.

రేషను బియ్యంలో మీరు ఏరి పారేస్తున్నవి ప్లాస్టిక్ గింజలు కావు. బియ్యపు పిండిలో ఇనుము, ఫోలిక్ ఆమ్లం, బి12 కలిపి గింజల ఆకారంలో తయారుచేసి, నూరు కిలోల బియ్యానికి ఒక కిలో చొప్పున కలిపినవే అవి. రంగులో కాస్త తేడా ఉంటాయి, కడిగేటప్పుడు కొన్ని నీళ్లపై తేలతాయి, అందుకే అనుమానం వస్తుంది. ఒక గింజను వేళ్ల మధ్య నలపండి, పిండి అవుతుంది. నీళ్లలో ఉడికించండి, అన్నంలాగే మెత్తబడుతుంది. ఇంట్లో తలసీమియా అనే వంశపారంపర్య రక్తపు జబ్బు ఉన్నవారుంటే మాత్రం వారి డాక్టరును అడిగి పెట్టండి. మిగిలినవారంతా వాటిని ఏరకుండా వండుకోవచ్చు. ముఖ్యంగా మీ అమ్మగారి వయసులో బి12ను పీల్చుకునే శక్తి తగ్గుతుంది కనుక, ఆమె కంచంలోంచి వాటిని తీసేయకండి.